సముద్రం వైపు గోడ

వన్ టౌన్ నెత్తిమీద, హార్బరు వైపు తిరిగి కూర్చున్న మేరీమాత గుడిని మా పేటలో ఎవరూ చర్చి అనేవారు కాదు. కొండ మీదమ్మ గుడి, అంతే. ఏటా అమ్మ పండక్కి ఎక్కడెక్కడి జనమో మొక్కులతో వచ్చేవారు. ఎప్పుడో ఓ తెల్లదొర చల్లగాలి కోసం అక్కడ ఇల్లు కట్టుకున్నాడనీ, తరవాత అదే గుడి అయిందనీ మా తాత చెప్పేవాడు. దొరకి గాలి మీద ఎంత ప్రేమో గానీ, గోడలు మాత్రం ఫిరంగులకి భయపడి కట్టించినట్టుంటాయి. వాటి మందంలో కొత్త జంట కాపురం పెట్టుకోవచ్చు. కిటికీలు పైకి పోయేకొద్దీ సన్నబడి, జోడించిన చేతుల్లా ఉంటాయి. ఆ మెట్లెక్కుతూ మా బావ పీల్చిన గాలికి హార్బరులో ఓడలు ఓ పక్కకి ఒరిగేవి.

వేటకెళ్లే మాలాంటి వాళ్లకి ఆ గుడితో చుట్టరికం వేరు. సముద్రం మీంచి దాని తెల్లటి ముఖం కనబడితే తెప్ప ఎటు తిప్పాలో తెలుస్తుంది. డెబ్బైల చివర్లో, ఓడలకెత్తే ఇనపఖనిజం దుమ్ము పట్టి ఆ ముఖం ఇటుకరంగుకి తిరిగింది.

ఆ రోజుల్లోనే ఓ వాయుగుండం వెలిశాక, వేటకెళ్లిన మా అన్నయ్య తిరిగి రాలేదు. తెప్పా రాలేదు. నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. పేట పెద్దలు మా అరుగు మీద కూర్చుని కర్మ చేసెయ్యమన్నారు. కర్మ అంటే వదిన గాజులు పగలగొట్టడం.

వదిన నావైపు తిరిగింది.

"గుడి ఎర్రగుంటే ఆయనకేటి కనబడతాది? సున్నం ఎయ్యాల. నువ్వొత్తావా, నన్నెల్లమంటావా?"

ఫాదరు ఒప్పుకున్నారు. నేను కలిపిన సున్నంతో భీమిలి దాకా వెల్ల వెయ్యొచ్చు. నేను పైకెక్కాను. బావ నిచ్చెన పట్టుకున్నాడు, నిజానికి నిచ్చెనే బావని పట్టుకుంది.

"ఏటి బావా, పైకి లంక కనబడతందా?" కిందనించి అరిచాడు.

"నీ బట్టతల కనబడతంది. దానికీ ఓ పూత ఏత్తాను, కదలకు."

వదిన నవ్వలేదు. మేమూ నవ్వలేదు. అలవాటున్న మాటలు వాటంతటవే వచ్చి పోయాయి.

సముద్రం వైపు గోడకి ఒక్కదానికే సున్నం వేశాం. ఫాదరు వచ్చి చూసి, సాయంత్రం పూజలో చనిపోయినవారితో పాటు అన్నయ్య పేరు కూడా తలుచుకుంటానని మెల్లగా అన్నారు.

"సముద్రం మీదున్నోల్లకీ పార్దన సేత్తారు కదండీ," అంది వదిన. "అందులో సెప్పండి."

ఆయన నావైపు చూశారు. తల ఊపాను. నమ్మి కాదు. మెడ ఒక్కటే పనిచేస్తోంది.

సాయంత్రం వెనక నిలబడి విన్నాం. ఓడల వాళ్ల తరవాత, వేటకెళ్లిన వాళ్లలో అన్నయ్య పేరు చదివారు.

ఇంటికొచ్చేసరికి పెద్దలు అరుగు మీదే ఉన్నారు.

"ఏటమ్మా, ఎప్పుడెట్టుకుందాం?"

"ఆయన సముద్రం మీదున్నాడు. కొండ మీద ఫాదరు అందరి ముందూ సెప్పారు."

పుట్టి బుద్ధెరిగాక ఆ కొండని చూసుకునే ఇల్లు చేరిన మనుషులు వాళ్లు. ఒకాయన దగ్గాడు. ఒకాయన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

మా అమ్మ అన్నాలకి అన్నయ్య కంచం కూడా పెట్టింది. ఎవరూ తియ్యమనలేదు.