చెవిలో చెప్పాల్సిన మాట

ఆమె ఒక ఇంటర్నెట్ కంపెనీలో యంత్రాల గది చూసుకునేది. పద్దెనిమిదేళ్లుగా జీతం లేని పని ఇంకొకటి కూడా ఉంది. నెట్‌వర్కులు నడిపే నాలుగు వేల మంది ఒకరికొకరు రాసుకునే మెయిలింగ్ లిస్టుకు ఆమే కాపలా. అందులో వేసిన ఉత్తరం అందరికీ వెళ్తుంది. తల నెరిసినవాళ్లు కూడా ఆమెను అక్కయ్య అనేవారు.

నియమాలు ఆమే రాసింది. లిస్టులో సరుకు అమ్మకూడదు. ఎవరైనా అడిగితే చెప్పవచ్చు. తప్పు చేసినవాడికి మొదటిసారి విడిగా, అతనొక్కడికే రాయాలి. మళ్లీ చేస్తే అతని ఉత్తరాలు కాపలాదారు చదివాకే బయటికి పోతాయి.

ఆమె తమ్ముడు ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి, లైను ఎక్కడ తెగిందో చెప్పే పెట్టె ఒకటి తయారు చేశాడు. ఒక ఉదయం పెద్ద కేబుల్ తెగింది. ఎవరి లైను పోయింది, ఎవరిది పనిచేస్తోంది అని లిస్టులో ఆదుర్దాగా అడుగుతున్నారు. ఆ ఉత్తరాల మధ్యే తమ్ముడిది వచ్చింది: మా కొత్త పెట్టె సిద్ధం, ఈ వారం కొన్నవారికి తగ్గింపు.

ఆమె వెంటనే జవాబు రాసింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట నీలాంటివాడే. చిన్నప్పుడు నా నోటుపుస్తకాల మీద నీ పేరు రాసుకునేవాడివి. ఇంకా మారలేదు."

ఎవరికి వెళ్తుందో చూసుకోకుండా పంపింది. అది లిస్టుకే పోయింది. రెండు నిమిషాల్లో ఎవరో రాశారు: "అక్కయ్యా, మాకూ అందింది."

మధ్యాహ్నం తమ్ముడు ఆఫీసుకు వచ్చాడు. కూర్చోలేదు.

"నాలుగు వేల మంది చదివారు. ఇక అమ్మ ఒక్కతే మిగిలింది. చదివి వినిపించనా?"

"నీకొక్కడికే అనుకున్నానురా."

"నీ నోటుపుస్తకాల గోల మా కస్టమర్లకెందుకక్కా?"

"నువ్వు చేసింది మాత్రం తప్పు కాదా?"

"తప్పే. తప్పయితే చెవిలో చెప్పమని రాసిందెవరు? నేనా?"

అతను వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నియమం రాసినవాళ్లకు మొదటిసారి అంటూ ఉండదనుకుంది. కాపలా పనిని వేరే ఊళ్లో ఉన్న ఒక ఇంజనీరుకు అప్పగించింది. తన ఉత్తరాలూ ఆయన చదివాకే పోయేలా చేసి, లిస్టుకు క్షమాపణ రాసింది.

ఆ ఇంజనీరు ఫోన్ చేశాడు. "మీ ఉత్తరం నా దగ్గర ఆగిందక్కయ్యా. మీది నేను దిద్దడమేమిటి?"

"చదవండి. మొహమాటపడకండి."

ఆయన ఫోన్ పెట్టేయకుండానే ఉత్తరం చివరిదాకా చదివాడు.

"అంతా బాగుంది. చివరి వాక్యమే... నాలుగు వేల మందికి రాసినట్టు లేదు."

ఆ వాక్యం ఇది: నాకు కోపం వచ్చింది నువ్వు అమ్మినందుకు కాదు, నన్ను ఒక్కమాట అడగనందుకు.

"తీసేయండి," అంది.

గదికి తాళం వేసి, బస్సెక్కి, తమ్ముడి ఇంటికి వెళ్లింది. తలుపు అతనే తీశాడు. గడప బయటే నిలబడి ఆ ఒక్క వాక్యం చెప్పింది. అతను ఆమె లోపలికి వచ్చేందుకు పక్కకు జరిగాడు.