చిన్నమ్మ నిమ్మగడ్డి నూనె

నిన్న కామారెడ్డిలో మందుల దుకాణం ముందు నిలబడి ఉంటే, పక్కనున్న ఆవిడ దోమలకు పూసుకునే నూనె సీసా మూత తీసి వాసన చూసింది. నిమ్మగడ్డి వాసన. కొనాల్సిన మాత్రలు కొనకుండానే వచ్చేశాను.

ఎల్లారెడ్డిలో మా చిన్నమ్మ వాళ్ల వీధికంతా ఆ వాసనే గుర్తు. పొలం గట్ల మీద నిమ్మగడ్డి పెంచి, ఒక పెద్ద రాగి పాత్ర చేయించుకుని, పెరట్లో ఆవిరి పట్టి నూనె తీసేది. దాన్ని కొబ్బరినూనెలో కలిపి కనపడ్డవాళ్ల చేతులకల్లా పూసేది. తన కూతురిని, మా చెల్లెను చూడటానికి వచ్చిన పెళ్లికొడుకు చాయ తాగేలోపే మోచేతుల దాకా మెరిసిపోయాడు. వేపనూనెను సబ్బునీళ్లలో గిలకొట్టి వీధిలోని మురుగు మోరీల్లో, తొట్లలో పోసేది. మర్నాడు పోయి, తేలిన దోమపిల్లలను పుల్లతో కదిపి చూసి, "సచ్చినయ్" అని తృప్తిగా తిరిగొచ్చేది.

ఆ చెల్లె కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వానలు మొదలైనా ఉక్కపోత తగ్గలేదు. పిల్ల అవస్థ చూడలేక మా ఇంట్లోని కూలర్ ట్రాలీ ఆటోలో వేయించుకుని తీసుకెళ్లాను. "పానం లేచొచ్చినట్టుందక్కా" అంది, దాని ముందు కూర్చుని. కాయిల్ పొగ పడదంది, దోమతెర కడితే ఊపిరాడదంది. "నా నూనె ఉండంగ తెరెందుకు?" అంది చిన్నమ్మ. పొద్దున, సాయంత్రం తనే పూసేది.

ఎనిమిదో నెలలో జ్వరం వచ్చింది. కామారెడ్డి ఆస్పత్రిలో డెంగీ అన్నారు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

దినాలయ్యాక కూలర్ వెనక్కి తెచ్చుకుందామని వంచాను. అడుగున నిలిచిన నీళ్లలో దోమపిల్లలు కదులుతున్నాయి. వీధిలో ప్రతి మోరీ వెతికిన మనిషికి కూతురి మంచం పక్కనున్న నీళ్లు తట్టలేదు. తెచ్చిన నాకూ తట్టలేదు. ఎవరూ చూడకముందే పారబోశాను.

లోపలికొస్తే గుమ్మంలో చిన్నమ్మ. "గా నూనె వాసన జరసేపటికే పోతదట బిడ్డా. దవాఖానల చెప్పిండ్రు. నేనేమో రెండుపూటల పూస్తే సాలనుకున్న. నా బిడ్డను నేనే సంపుకున్న."

నూనె ఒక్కటే కాదు చిన్నమ్మా, నేను తెచ్చిన కూలర్ కూడా అని అప్పుడే చెప్పాల్సింది. కూలర్ ఆటోలో వేయించుకుని వచ్చేశాను.

ఆ ఏడే గట్ల మీది గడ్డి వేళ్లతో సహా పీకేసింది. ఇప్పుడు చూపు ఆనదు. నేను పోతే నా చేతులు తడిమి, "పైలం బిడ్డా, దోమలున్నయ్" అంటుంది. తలూపుతాను, అది ఆమెకు కనబడదని తెలిసీ. చెప్పేద్దామనుకున్న ప్రతి ఏడూ చెప్పకుండానే గడిచిపోయింది. ఇక మా ఇద్దరికీ మిగిలిన ఏళ్లు ఎక్కువ లేవు.