నాలుగో నంబరు బూట్లు

మా మరదలిని ఇంట్లో అందరం కత్తెర అంటాం. ఎదురుగా అనం. పదకొండేళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టే కంపెనీలో పనిచేసింది కాబట్టి ఆ పేరొచ్చిందని బంధువులకు చెప్పుకుంటాం గానీ, అసలు కారణం ఆమె నోరు. అనుమానం ఉన్నవాళ్ళు ఒక్కసారి "కాస్త ఒళ్ళు చేశావే" అని పలకరించి చూడొచ్చు.

ఆ కంపెనీలో మిషను ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మిగతావాళ్ళు ఆ సమయంలో కబుర్లు చెప్పుకునేవారు. ఈమె మిషను కిందకు దూరేది. ఏడాది తిరిగేసరికి మోటారు విప్పడం, కాలిన తీగ మార్చడం, మళ్ళీ బిగించడం వచ్చేశాయి. అది చూసి మెకానిక్‌కు కోపమొచ్చింది, సూపర్‌వైజరుకు కోపమొచ్చింది, చివరికి యజమానికీ వచ్చింది. "నీకెందుకమ్మా ఆ పని?" అన్నారు ముగ్గురూ. ముగ్గురికీ తలో జవాబు చెప్పి, ముప్పై రెండో ఏట ఉద్యోగం మానేసి, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్పుకు పరీక్ష రాసింది. ఇరవై సీట్లలో ఇరవయ్యోది ఆమెకు దక్కింది.

మా మామగారు ముప్పయ్యేళ్ళు వీధివీధీ నడిచి ఉత్తరాలు పంచిన మనిషి. ఆయనా, మరదలూ మాతోనే ఉంటారు. ఆ సీటు సంగతి తెలిసిన రోజు నుంచీ ఇంట్లో ప్రశాంతంగా గడిచిన పూట లేదు.

"కూర్చుని చేసే పని వదిలేసి నిచ్చెనలెక్కుతుందట! పడితే ఎవడు పట్టుకుంటాడు?" అని ఆయన.

"నువ్వు మాత్రం కాదులే నాన్నా, నీకు నడుం నొప్పి," అని ఈమె.

మా ఆవిడ ఇద్దరికీ ఒకేసారి టీ పోసి, మధ్యలో నన్ను కూర్చోబెట్టేది.

ఇంతలో శిక్షణ కేంద్రం నుంచి కాగితం వచ్చింది. సోమవారం తొమ్మిదింటికి గేటు దగ్గర బూట్ల తనిఖీ. కరెంటు పనికి తగిన బూట్లు లేనివాళ్ళకు ప్రవేశం లేదు. ఆ రోజు పన్నెండు గంటల లోపు లోపలికి రానివాళ్ళ సీటు వరుసలో తరువాతి వాళ్ళకు వెళ్ళిపోతుంది. అంతే, ఒక్క మర్యాద మాట లేదు అందులో.

శనివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. "పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా?" అన్నాను.

"పొద్దున కాలు వేరు, సాయంత్రం కాలు వేరు బావా. రోజంతా నిలబడి వాచిన కాలికి సరిపోతేనే బూటు."

హెల్మెట్లు, చేతి తొడుగులు, తాళ్ళు వేలాడుతున్న దుకాణం అది. యజమాని తల ఎత్తకుండానే, "లేడీస్ చెప్పులు పక్క షాపండీ," అన్నాడు.

"చెప్పులెవరడిగారు? కరెంటు పనికి బూట్లు కావాలి. నాలుగో నంబరు."

అతను నా కాళ్ళకేసి చూశాడు. నావి తొమ్మిది. "సారుకా?"

"సారు సంచి మొయ్యడానికొచ్చారు. కాళ్ళు నావి."

ముఖం ముడుచుకుని ఒక జత తెచ్చి బల్ల మీద పడేశాడు. "తీస్కోండి. యాంటీ స్టాటిక్. కరెంటు దగ్గరికే రాదు." పేరు వినడానికి గట్టిగానే ఉంది. బాగుందని నేను తలూపాను కూడా.

"బావా, నువ్వు కాసేపు ఆ హెల్మెట్లు చూస్తూ ఉండు," అని నన్ను పక్కకు నెట్టి, అతని వైపు తిరిగింది. "యాంటీ స్టాటిక్ అంటే ఒంట్లో పుట్టే కాస్త కరెంటుని నేలలోకి దింపేది. పెట్రోలు బంకుల్లో వేసుకుంటారు. నేను పొరపాటున లైను ముట్టుకుంటే ఇది నా ఒంట్లోంచి నేలకి దారిస్తుంది. నాకు దారిచ్చేది వద్దు. అడ్డంపడేది కావాలి."

"పన్నెండేళ్ళ నుంచి అమ్ముతున్నా, ఎవ్వరూ ఇలా అడగలేదు!"

"అడగనివాళ్ళు ఏమయ్యారో మీకెలా తెలుసు? మళ్ళీ వచ్చి చెప్తారా?"

ఈసారి సరైన రకమే తెచ్చాడు, కానీ ఆరో నంబరు. రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోతుందన్నాడు. "నిచ్చెన మీద కాలు లోపల జారితే మీ సాక్సులొచ్చి పట్టుకుంటాయా?" అంది. అతను పళ్ళు నూరుకుంటూ గోడౌన్‌లోకి వెళ్ళి, దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె ఒకటి తెచ్చాడు. నాలుగో నంబరు. ఆ రకంలో ఆ సైజుది ఆ ఒక్క పెట్టే ఉందన్నాడు.

ఆమె బూటు నాలుక మీద ముద్ర చదివింది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. అడుగు అట్టను విల్లులా వంచింది. తొడుక్కుని దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచింది. ఇక చాలని నేననుకుంటే, పై అరలకు వేసి ఉన్న నిచ్చెన ఎక్కేసింది.

"దిగండమ్మా, దిగండి! పడితే నామీదకొస్తుంది!"

"మీ మీద పడనులెండి, భయపడకండి," అంటూ పైనుంచి మడమలు కదిపి చూసుకుంది. అక్కడే ఖాయం చేసింది.

ఇంతవరకూ నా తప్పేమీ లేదు. నా తప్పు ఆదివారం మొదలైంది.

ఆమె ఫోటోలు తీయించుకోవడానికి బయటికెళ్ళింది. మామగారు పెట్టె విప్పి ఒక బూటును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అట్టను బొటనవేలితో నొక్కి చూశారు. "అల్లుడూ, ఇంత మెత్తటి మడమ ఆరు నెలలు కూడా రాదు. దానికి తెలీదు, నిన్నగాక మొన్న పుట్టింది." ఆయన ఉద్యోగం చేసిన ముప్పయ్యేళ్ళూ కొత్త బూటు ఏదైనా నేలను తాకకముందే చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్ళేది. మడమ అరగకుండా ఇనుప లాడాలు కొట్టించాకే కాలికి ఎక్కేది. ఇంట్లో అందరి బూట్లకూ అదే చేయించేవారు. నా పెళ్ళి బూట్లకు కూడా చేయించారు. పీటల దాకా నేను టకటకమంటూ నడిచి వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

"దానికి చెప్పకు. నేను కొట్టించానంటే వేసుకోదు," అన్నారు మామగారు. ఆ గొంతులో కోపం లేదు. రెండు నెలల్లో అలా లేకపోవడం అదే మొదటిసారి. ఆ మెత్తదనానికి నేను కరిగిపోయాను. అడ్డంపడేది, దారిచ్చేది అంటూ ముందురోజు విన్న పాఠమంతా ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. వీధి మూలన కూర్చునే చెప్పులు కుట్టే అతను ఒక్కో మడమకు అర్ధచంద్రంలా ఇనుప బిళ్ళ పెట్టి, ఆరేసి మేకులు దిగ్గొట్టాడు. మామగారు గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టెలో సర్ది, కాగితం కూడా ఎప్పటిలా కప్పారు.

సోమవారం బూట్లు గేటు దగ్గరే వేసుకుంటానని మామూలు చెప్పులతో నా స్కూటరు ఎక్కింది. సంచి నేనే మోశాను.

గేటు లోపల నేల మీద పసుపు గీత. గీతకు అవతల వర్క్‌షాపు మాస్టారు. కుర్రాళ్ళు ఆయన్ని పాదాల మాస్టారు అంటారట, మనిషి ముఖం చూడడు కాబట్టి. పంతొమ్మిది మంది మగవాళ్ళు వరుసగా బూట్లు విప్పి చూపించి గీత దాటారు. చివర మా మరదలి బూటు పెట్టెలోంచి నేరుగా ఆయన చేతిలోకి వెళ్ళింది. తిరగేశాడు. మడమ మీది ఇనుప బిళ్ళను వేలితో టకటకా కొట్టాడు.

"డాన్సు స్కూలు పక్క వీధిలోనమ్మా. దారి తప్పావా?"

పంతొమ్మిది మందీ నవ్వారు. ఆమె బూటు లాక్కుని చూసింది.

ఆయన దాన్ని మళ్ళీ తీసుకుని లోపలి మెత్త పైకి లాగాడు. మేకు మొనలు రెండు తళుక్కుమన్నాయి. "ఈ కొస నీ మడమకి, ఆ కొస నేలకి. మధ్యలో నువ్వు. కరెంటుకి ఇంత మంచి రోడ్డు నేను కూడా వెయ్యలేను."

"పీకేస్తాను సార్."

"పీకితే బొక్కలుంటాయి. బొక్కల్లో నీళ్ళుంటాయి. తర్వాత నువ్వుండవు. ఎవరు కొట్టించారు?"

నేను స్కూటరు అద్దంలో నా ముఖాన్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాను. ఆమె చూపు ఒక్క క్షణం నా వీపును కాల్చి వెనక్కు వెళ్ళింది.

"బూట్లు నావి సార్. తిప్పి చూసుకోనిది నేనే."

"ఇరవై ఒకటో పేరతను ఆఫీసు వరండాలో కూర్చున్నాడు, సరైన బూట్లతో. పన్నెండు గంటలు కొట్టగానే పిలుస్తాను. ఆడమనిషని ఆగను."

"నేనూ ఆగమన్లేదు."

స్కూటరు ఎక్కాక, "నువ్వా? నాన్నా?" అని అడిగింది.

"ఇద్దరం."

"శనివారం అంతసేపు అరిచాను కదా బావా, ఏం విన్నావ్?"

"హెల్మెట్లు చూడమన్నావు కదా," అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

దుకాణం యజమాని మమ్మల్ని చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మేకులు కొట్టిన బూట్లు వెనక్కి తీసుకోను!"

"ఎవడు తీసుకోమన్నాడు? ఇంకో జత కొంటా. నాలుగు."

"లేదు. ఆర్డరిస్తే పది రోజులు."

ఆమె వాదించలేదు. అదే నన్ను భయపెట్టింది. నెమ్మదిగా తిరిగి అద్దాల అలమరాకేసి చూసింది. అందులో ఎండకు అదే రకం ఎడమ బూటు ఒక్కటి నిలబడి ఉంది. "అది తియ్యండి."

"అది చూపించడానికి పెట్టింది. అమ్మం."

"యూనిఫారాల షాపుల్లో బొమ్మకి ఎప్పుడూ చిన్న సైజే తొడుగుతారు, ముచ్చటగా ఉంటుందని. మీరూ అంతే కదా? అది నాలుగు. దీని కుడిది ఎక్కడుంది?"

అతను తడబడ్డాడు. "గోడౌన్లో ఎక్కడో... ఇప్పుడు వెతకడం కుదరదు."

ఆమె గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. చేతి తొడుగుల కోసం ఒకాయన వచ్చాడు. "కరెంటు పనా అన్నా? ఇక్కడ ఏ బూట్లిస్తారో ముందు కనుక్కో," అంది. ఇంకొకాయన వచ్చాడు. ఆయనకు శనివారం కథ మొదటి నుంచీ చెప్పింది, నిచ్చెనతో సహా. ఇద్దరూ ఏమీ కొనకుండా వెళ్ళారు. మూడో మనిషి మెట్టెక్కుతుండగా యజమాని గోడౌన్‌లోకి పరుగెత్తాడు. లోపల పెట్టెలు కూలిన చప్పుళ్ళు, తిట్లు వినబడ్డాయి. పదకొండున్నరకు కుడి బూటు బయటికొచ్చింది.

కుడిది కొత్త నలుపు. ఎడమది ఎండకు టీ రంగుకు తిరిగిపోయింది. ఆమె రంగు చూడలేదు. రెండు అట్టలూ వంచి పగుళ్ళున్నాయేమో చూసింది, ముద్రలు చదివింది, లోపల తడిమింది. నేను సంచి అందుకోబోతే చెయ్యి మీద కొట్టింది.

గేటు చేరేసరికి పన్నెండుకు ఆరు నిమిషాలు. ఇరవై ఒకటో మనిషి అప్పటికే గీత దగ్గర నిలబడి బూటు తాళ్ళు బిగించుకుంటున్నాడు. మాస్టారు రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి మొదటిసారి తలెత్తి ఆమె ముఖం చూశాడు.

"రెండు రంగులేంటి?"

"మీ కాగితంలో రంగు రాసి లేదు సార్."

ఆయన ఎండకు వెలిసిన బూటును అటూ ఇటూ వంచాడు. గోరుతో గీకాడు. మెత్త లేపి చూశాడు, మడమ కొట్టి చూశాడు. పగులు దొరుకుతుందని ఆశగా వెతుకుతున్నాడని నాకనిపించింది. దొరకలేదు. రెండు బూట్లూ ఆమె ముందుకు విసిరాడు.

"మళ్ళీ ఎవరైనా వీటిని ముట్టుకున్నారని తెలిస్తే..."

"ముట్టుకున్నవాళ్ళని మీ దాకా రానివ్వను సార్. నేనే చూసుకుంటా."

తొడుక్కుని గీత దాటింది. పంతొమ్మిది మందిలో ఒకడు "సర్కస్సు" అని మెల్లగా అన్నాడు. వాడికి ఏమి జవాబు చెప్పిందో నాకు వినబడలేదు గానీ, వాడు రెండడుగులు పక్కకు జరగడం కనబడింది. ఇరవై ఒకటో మనిషి మళ్ళీ వరండాకెళ్ళి సంచి సర్దుకుంటున్నాడు. నేను పిల్లిలా స్కూటరు వైపు జారుకోబోయాను.

"బావా!" అంది లోపలినుంచి. ఆగాను.

"ఆ లాడాల బూట్లు ఇంటికి తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టు. నువ్వేమీ అనకు. సాయంత్రం నేనొచ్చి అంటా."