ఏ మిషన్ అని అడగని రోజు

ఆ వీధిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఆయన్ని అందరూ ప్రశ్నలాయన అంటారు. బల్బు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేస్తాడు, అందులో పేచీ లేదు. ఎక్స్‌టెన్షన్ వైరు అడిగారో, ఇక దొరికిపోయినట్టే. దేనికి పెడతారు, ఎంత దూరం లాగుతారు, తడి తగిలే చోటా కాదా అని మూడు ప్రశ్నలు వేస్తాడు. మూడింటికీ జవాబు చెప్పందే మేకుకు వేలాడే చుట్ట కిందికి దిగదు. పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని అడగరని ఒక పెద్దాయన విసుక్కుని వెళ్లిపోయాడు. పోతే పోయాడన్నాడు ఈయన.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. కొట్టు పెట్టకముందు ఆయన పదహారేళ్లు కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త రాగితీగ చుట్టే పని చేశాడు. డ్రిల్లింగ్ మిషన్లు, చెక్క కోసే మిషన్లు నల్లగా మాడి బల్ల మీదికి వచ్చేవి. తెచ్చినవాళ్లు మిషన్ని తిట్టేవాళ్లు. ఈయన మాత్రం ఏ వైరుతో నడిపారని అడిగేవాడు. చాలాసార్లు దొంగ అక్కడే దొరికేవాడు. టేబుల్ ఫ్యానుకు చాలే సన్న వైరును ముప్పై మీటర్లు లాగి, కొసన ఏనుగంత మిషన్ తగిలిస్తే వైరు వేడెక్కక ఏం చేస్తుంది? మోటారుకు బలం చాలక మూలుగుతుంది. చివరికి రెండింట్లో ఏదో ఒకటి కాలుతుంది. ఒకసారి కాలిన మిషన్‌తో పాటు, దాన్ని తెచ్చినతని అరచేయి కూడా కట్టు కట్టుకుని వచ్చింది. ఆ కట్టు చూసిన రోజు నుంచే ఆయన నోటికి ఆ మూడు ప్రశ్నలూ అంటుకున్నాయి.

అలాంటి మనిషి ఆ రోజు పొద్దున ఒక్క ప్రశ్నా వేయలేదు.

అట్టపెట్టెల లోడు దిగుతోంది. ఒకావిడ వచ్చి, మిషన్‌కి పొడుగు వైరు కావాలి, ముప్పై మీటర్లది, అంది. తమ సందు మొదట్లో పిండిమర పక్క కొట్టులో అయిదు మీటర్లకు మించి లేదట. ఆయన భార్య ఇరవై ఏళ్లుగా బడి పిల్లల యూనిఫారాలు కుడుతోంది. వాళ్లింట్లో మిషన్ అంటే కుట్టు మిషనే, రెండో అర్థం లేదు. అడిగింది ఆడమనిషి, అన్నది మిషన్. ఆయన చేయి దానంతటదే పైకి వెళ్లి తేలికపాటి తెల్ల వైరు చుట్టను దించింది. పెరట్లోకి లాగాలి, సరిపోతుందా అని ఆవిడే అడిగింది. మిషన్‌కేగా, నిక్షేపంగా సరిపోతుందని చెప్పి మళ్లీ పెట్టెలు లెక్కపెట్టుకోవడంలో పడ్డాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లాడు. వడ్డిస్తూ భార్య, మిషన్ మోటారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని చెప్పింది. చూస్తాలే అన్నాడు. ఆ మాట నాలుగు నెలలుగా అంటూనే ఉన్నాడు. కుట్టే గదిలో వెలుతురు కూడా చాలడం లేదంది. అయితే పెరట్లో పెట్టుకుని కుట్టమని హాస్యమాడాడు.

"పెరట్లో మిషన్ పెట్టుకుని ఎవరైనా కుడతారా అండీ? దుమ్మంతా గుడ్డకి పట్టదూ?" అంది ఆవిడ.

నోటి దాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగింది. నిజమే, పెరట్లో ఎవరు కుడతారు? పెరట్లో చేసే పని వేరు. పెరట్లో కోస్తారు, చిత్రిక పడతారు, చెక్కకు రంధ్రాలు వేస్తారు. వాటినీ మిషన్లే అంటారు. పదహారేళ్లు ఆయన చేతులు నల్లబడింది వాటితోనే.

చేయి కడుక్కుని లేచాడు. ఏమైందని భార్య అడిగితే ఏమీ లేదన్నాడు. తేలుకుట్టిన దొంగ ఏం చెప్తాడు? కొట్టుకు వెళ్లి అన్నిటికన్నా లావుగా ఉన్న నల్ల వైరు చుట్టను స్కూటర్ మీద వేసుకున్నాడు. పిండిమర తప్ప ఆయనకు వేరే ఆనవాలు తెలియదు. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు అడ్డు. తెల్ల వైరులోని ఆ అర మిల్లీమీటరు రాగి ఇప్పటికి ఎంత వేడెక్కి ఉంటుందో అని మనసు లెక్కలు వేస్తూనే ఉంది. ఆ వచ్చినావిడ పొద్దున తొమ్మిదికి కొంది. ఇప్పుడు రెండవుతోంది. ఆపకుండా నడిపితే? తెలియనివాళ్లు పొందిగ్గా ఉంటుందని కావలసినంత మేరే విప్పి, మిగతాది చుట్టగానే వదిలేస్తారు. చుట్టలో వేడి బయటికి పోయే దారుండదు. ఆవిడ అలాగే వదిలి ఉంటే?

పిండిమర దగ్గర బండి ఆపి, ఈ సందులో మిషన్ ఎవరింట్లో ఉందని అడిగాడు. మరాయన ఒంటినిండా పిండితో బయటికి వచ్చి నీలం గేటు చూపించాడు. పరుగున వెళ్తే లోపల ఒక ముసలి దర్జీ కాజాలు కుట్టుకుంటున్నాడు. సందు సందంతా ఆ మాటకు ఒక్క అర్థమే పట్టుకుని కూర్చుందని ప్రశ్నలాయనకు ఒళ్లు మండింది. పొద్దున తను పట్టుకున్నదీ అదే అర్థమని గుర్తొచ్చి ఆ మంట చప్పున చల్లారింది. కాలుకాలిన పిల్లిలా సందులో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు.

అప్పుడు వినపడింది. రంపం మిషన్. చెక్కలోకి దిగేటప్పుడు దాని గొంతు మామూలుగా దిగవలసిన దానికన్నా ఎక్కువ దిగుతోంది. ఆ మూలుగు ఆయనకు కొత్త కాదు. అది వస్తున్న ఇంటి వైపు నడుస్తూ ఉండగానే ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆయన ఇంటి పక్కనున్న సన్నదారి తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్లాడు.

ఆవిడే. చెవి మీద పెన్సిలు, జుట్టునిండా రంపపు పొట్టు. రెండు స్టూళ్ల మధ్య సగం కోసిన తలుపు చెక్క ఉంది. మెట్టు కింద పొట్టు కుప్పలోంచి తెల్లవైరు చుట్టను గుడ్డతో పట్టుకుని బయటికి లాగుతోంది. ప్లాస్టిక్ మాడిన వాసన వస్తోంది. చుట్ట ఉన్న చోట పొట్టు గోధుమరంగుకు తిరిగింది. ఇంకో పావుగంట నడిచి ఉంటే ఆ కుప్ప అంటుకునేది. కుప్పను ఆనుకుని కిటికీ, కిటికీ లోపల మంచం, మంచం మీద ఎవరో పడుకుని ఉన్నారు. వాసన రాగానే ప్లగ్గు పీకేశానని ఆవిడ చెప్పింది.

ఆయన చుట్టను తాకి చూశాడు. వేలు చురుక్కుమంది. మెట్టు మీద కూర్చున్నాడు.

"కుట్టు మిషన్ అనుకున్నానమ్మా," అన్నాడు.

"ఏ మిషన్ అని అడిగితే చెప్పేదాన్నిగా?"

"ఆడమనిషివని... అడగాలనే తోచలేదు."

ఆవిడ కేకలు వేయలేదు. వేసి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

"మీరు అందర్నీ అడుగుతారని చెప్తేనే అంత దూరం వచ్చానండీ," అంది. "ఈ మిషన్‌కి ఏ వైరు పెట్టాలో నాకు తెలియదు. మీరడుగుతారు, చెప్దామనుకున్నాను."

ఆయన లేచి నల్లవైరు తెచ్చాడు. ఒక్క చుట్టు కూడా మిగలకుండా మొత్తం విప్పి గోడవారగా పరిచాడు. ఇంత లావు రాగి ఎందుకో, మూడో పిన్ను ఎందుకో, చుట్ట ఎందుకు విప్పాలో చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ మిషన్‌ను తిప్పి, దాని పొట్ట మీది వాట్ల అంకె చదివి వినిపించింది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఈసారి చెక్కలోకి దిగినప్పుడు మిషన్ గొంతు నిలకడగా ఉంది. అది విన్నా ఆయన మనసు కుదుటపడలేదు. మాడిన చుట్టను సంచిలో వేసుకుని బయల్దేరాడు.

సాయంత్రం కొట్టు పెందలాడే కట్టేశాడు. ఇంటికొచ్చేసరికి భార్య కుడుతోంది. గుమ్మంలో నిలబడి, మొదటిసారి చూస్తున్నవాడిలా ఆ మిషన్ దగ్గర్నుంచి గోడ దాకా పాకిన వైరును చూశాడు. వంటింటి గుమ్మం మీదుగా వెళ్లింది. మూడుచోట్ల అతుకు. ఒక అతుకుకు టేపు ఊడి లోపలి రాగి మెరుస్తోంది. ఊరందరికీ వైరు పాఠాలు చెప్పే మనిషి ఇంట్లో, దీపం కింద చీకటి. ముందు వెళ్లి ప్లగ్గు పీకి, ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"రోజుకి ఎన్ని గంటలు నడుపుతావు?" అని అడిగాడు.

ఆవిడ వింతగా చూసింది. "ఎనిమిది. బడులు తెరిచే రోజుల్లో పది."

ఇన్నాళ్లూ ఆయన నాలుగే అనుకున్నాడు.

"ఇక్కడ తడి తగులుతుందా?"

"ఇల్లు తుడిచినప్పుడల్లా తగులుతుంది. మొన్న చేయి జిల్లుమంది కూడా."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ దారం పళ్లతో తెంపి, సూది గుడ్డకు గుచ్చింది.

"మీరు అడిగితేగా," అంది.