మార్చని రెండు వైర్లు

ఒక స్క్రూడ్రైవరు ఎంత బరువుంటుంది? చొక్కా జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది అంతే. ఒక మధ్యాహ్నం దాన్ని జేబులోంచి తీసి, చేయాల్సిన పని చేయకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాను. చేయని పని కాబట్టి ఎవరికీ కనబడలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. మా చర్చి సంఘం వాళ్లు చదివితే నేనెవరో ఎలాగూ తెలిసిపోతుంది.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. అనంతపురంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, మోటర్లు బాగుచేసే చిన్న షాపు పెట్టుకున్నాను. ఏదైనా వరస ప్రకారం చేయడం నా అలవాటు. ప్రార్థన కూడా అంతే. ఒకటి, నాయన ఆరోగ్యం. రెండు, షాపు. మూడు, చేనులో బోరు. అడగాల్సినవన్నీ అడిగి ఆమెన్ అనేవాడిని. ఆ వరసలో కృతజ్ఞత అనేది ఎక్కడా లేదని అప్పట్లో నాకు తట్టనే లేదు.

దానియేలన్న మా పెద్దనాయన కొడుకు. పెద్దగా చదువుకోలేదు. మా రెండు చేలకూ మధ్య ఒక గట్టే అడ్డం. తొంభైల చివర వానలు వరసగా తప్పిన కాలంలో, ఇద్దరం కలిసి ఒకే బోరు లారీని పిలిపించాం. నేను నీళ్ల జాడ చూపే మిషన్ అద్దెకు తెచ్చి, చేనంతా తిరిగి కొలిచి, బోరు ఎక్కడ వేయాలో నా పాయింటు పెట్టుకున్నాను. అన్న ఏమీ కొలవలేదు. లారీ తిరగడానికి వీలున్న చోట కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, "ఈడ ఏయండప్పా" అన్నాడు.

నా పాయింటులో తెల్లటి రాతిపిండి లేచింది. అన్న పాయింటులో నీళ్లు లేచాయి.

పక్క చేను ఓబన్న అందరి ముందూ నన్ను పట్టుకున్నాడు. "ఏమప్పా డిప్లొమా! మిషన్ చూపించిన కాడ దుమ్ము, లారీ నిలబడిన కాడ నీళ్లు. ఈతూరి ఆ డ్రైవర్నే అడుగు పాయింటు యాడ పెట్టాల్నో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్న ఒక్కడే నవ్వలేదు. "ఊరుకో ఓబన్నా, నా నీళ్లు వాని నీళ్లు కాదా?" అన్నాడు. ఓబన్న ఎగతాళికన్నా ఆ మంచిమాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుంది? నష్టపోయినందుకా, లేక ఏ అర్హతా లేదని నేను లెక్కకట్టిన మనిషి నా మీద జాలిపడినందుకా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు రెండోదే.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరి బోరులో నీళ్లు పడినా, తొలి నీళ్లను తేర్చి బిందెలో ఆదివారం చర్చికి తెస్తారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక ఇంటివాళ్లే అందరి దోసిళ్లలో పోస్తారు. నా దోసిట్లో పోసినప్పుడు అన్న కళ్లు తడిగా ఉన్నాయి. తాగాను. తియ్యటి నీళ్లు. ఉప్పగా ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. అవును, దేవుని మందిరంలో నిలబడే అనుకున్నాను.

అన్న బోరులో మోటరు దించే పని నాదే. మూడు ఫేజుల మోటరుకు మూడు వైర్లు. స్టార్టరులో వాటిలో రెండు తారుమారైతే మోటరు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి. అందుకే ఒకసారి వేసి చూసి, రెండు వైర్లు మార్చి మళ్లీ వేసి, ఏది ఎక్కువ పోస్తే దాన్నే ఉంచాలి. పని నేర్చుకునే మొదటి వారంలోనే తెలిసే సంగతి.

కరెంటు రాగానే బటన్ నొక్కాను. పైపులోంచి చిటికెన వేలంత ధార వచ్చింది. తారుమారు అయిందని వెంటనే తెలిసింది. అది పొరపాటే, ఒట్టు. స్క్రూడ్రైవరు తీశాను.

అన్న పైపు కింద చేయి పెట్టి నిలబడి ఉన్నాడు. "ఇంతేనా తమ్ముడూ? లారీ ఏసినప్పుడు అంతగనం వచ్చినాయే!"

నేను స్టార్టరు డబ్బా వైపు తిరిగాను.

"లోపల నీళ్లు లేవా?"

"లేవన్నా," అన్నాను. "మొదట వచ్చినవి రాతి సందుల్లో నిలిచిన నీళ్లు. అయిపోయినాయి."

ఎంత శుభ్రంగా చెప్పానో! చదువుకున్నవాడి మాట. స్క్రూడ్రైవరు జేబులోకి పోయింది.

రేపు సరిచేస్తానులే అనుకున్నాను. రేపు వచ్చింది. ఈరోజు సరిచేస్తే నిన్న ఎందుకు చేయలేదని అడుగుతారు. ప్రతి రోజూ ముందు రోజుకు కాపలా కాసింది. బయటపడే దారులు మూడని లెక్కవేసుకున్నాను. లైన్‌మన్ ఎక్కడైనా పొరపాటున వైర్లు మార్చి కలిపి మోటరు దానంతటదే సరిగ్గా తిరగడం, ఇంకో మెకానిక్ రావడం, నేనే చెప్పడం. మూడోది నా చేతిలో ఉండగా, మొదటిది జరగాలని ప్రార్థించాను. నా తప్పును ఇంకొకరి పొరపాటు సరిచేయాలని దేవుణ్ణి అడిగాను.

రెండోది దాదాపు జరిగింది. ముదిగుబ్బ నుంచి ఇంకొకరిని పిలుచుకొస్తానని ఓబన్న అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. అన్న ఒప్పుకోలేదు. "మా తమ్ముడు డిప్లొమా చదివినోడు. ఇంగొకన్ని పిలిస్తే వాడు చిన్నబుచ్చుకోడా? వద్దప్పా."

నా ముఖం చిన్నబోకూడదని ఆయన తన చేనునే ఎండనిచ్చాడు. శనక్కాయ ఊడలు దిగే సమయంలో వాన రాలేదు. ఆ ధార ఒక మూలకు కూడా చాలలేదు. చెట్లు పీకితే వేళ్లకు గింజలేని పొల్లు కాయలు వేలాడాయి.

ఆ ఏడు చర్చిలో కోతపండుగకు అందరూ పండినవాటిలో కొంత తెచ్చారు. అన్నా శాంతమ్మ వదినా మోటరును ఎడ్లబండిలో తెచ్చి చర్చి ముందు దించారు. సాక్ష్యం చెప్పమంటే అన్న లేచాడు. "ఈతూరి కాయల్లేవు. మోటరు ఉండాది, చర్చి బోరుకు పెట్టుకోండి. దేవునికి స్తోత్రం. మా తమ్మునికి గూడా. వాడు నాకోసం శానా కష్టపడినాడు." తర్వాత ఇద్దరూ బెంగళూరుకు, ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయారు.

ఆ మోటరును చర్చి బోరుకు బిగించింది కూడా నేనే. ఈసారి రెండు విధాలా వేసి చూశాను. నీళ్లు ఎగజిమ్మాయి. "మోటరు బంగారం. పాపం, ఆయన బోరే బాగలేదు" అన్నారు అయ్యగారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ బటన్ నేనే నొక్కుతాను. నొక్కి, నీళ్ల చప్పుడు వినబడకముందే అవతలికి పోయేవాడిని. తప్పు దాచుకున్నవాళ్లు తీసుకోకూడదని తెలిసి కూడా, ప్రభువు బల్ల రోజున అందరితో పాటు లేచి రొట్టె తీసుకునేవాడిని. కూర్చుండిపోతే ఎందుకని అడుగుతారు కదా.

అసూయ ఎప్పుడో పోయింది. బండి మీది మోటరును చూసిన రోజే పోయింది. ఏమీ పండనివాడు స్తోత్రం చెప్పగలిగితే, అన్నీ ఉన్న నేను ఆయన దగ్గర చూసి ఓర్వలేనిది ఏమిటి? నీళ్లు కాదు. ఆ నిండుతనం. అది బోరులో లేదు, వైర్లు మార్చకుండా ఉంచితే ఆగేదీ కాదు. అప్పటి నుంచి నేనూ కృతజ్ఞత చెప్పడం నేర్చుకోబోయాను. నాయనకు, షాపుకు, పూట అన్నానికి. వరస అన్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. ఆయన నీళ్లు కాజేసి ఆయన కోసం స్తోత్రం ఎలా చెప్పాలి? అసూయ పోయింది గానీ, అది కట్టిన గది ఉండిపోయింది. తలుపు లోపలి నుంచే వేసి ఉంది.

ఇన్నేళ్ల తర్వాత, పోయిన నెల బల్ల రోజున లేవలేదు. అమ్మ వెనక్కి తిరిగి చూసింది. మరునాడు బెంగళూరుకు ఫోన్ చేశాను. ఏ వరసా లేకుండా అంతా చెప్పేశాను. అటునుంచి సిమెంటు కలిపే మిషన్ చప్పుడు వినబడుతోంది.

అన్న ఒకటే అడిగాడు. "ఇప్పుడు ఆ బోరులో నీళ్లు ఉంటాయా?"

చుట్టూ ఎన్నో బోర్లు పడ్డాయి. నీళ్లు ఎప్పుడో కిందికి పోయాయి.

"లేవన్నా," అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. క్షమించాడో లేదో తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. ఆనాటి మాటే మళ్లీ అన్నాను. ఈసారి అది నిజం. అది అబద్ధమైన రోజుల్లోనే ఆ చేను ఎండిపోయింది.

తర్వాతి ఆదివారం చర్చి మోటరు వేశాను. అవతలికి పోలేదు. తొట్టి నిండేదాకా అక్కడే నిలబడి విన్నాను.