ఎస్తేరు టీచర్ చేసిన చెవిపెట్టె

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధం మీద బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళ ముందు ఈ మాట ఎత్తబోయి, మంచినీళ్ళు అడిగి ఊరుకున్న రోజులు చాలా ఉన్నాయి.

డెబ్భైల్లో తిరువూరు బస్టాండు దగ్గర నాకో రేడియో రిపేరు షాపు ఉండేది. షాపంటే ఒక బల్ల, స్టూలు, గోడకి చెక్క అరలు. మా నాన్న లారీ నడిపేవాడు. నన్నూ స్టీరింగు పట్టుకోమన్నాడు. నాకేమో రేడియో పిచ్చి. చెడిపోయిన సెట్టు వెనక మూత విప్పి లోపల రంగురంగుల ముక్కలు చూస్తూ కూర్చుంటే ఆకలి తెలిసేది కాదు. సోల్డరింగు పొగ నాకు అత్తరుకన్నా బాగుండేది. ఊళ్ళో ఇలాంటి పిచ్చి నా ఒక్కడికే ఉందనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఎస్తేరు టీచర్ వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. నూలుచీర, చేతిలో గొడుగు. రేడియో బాగుచేయించుకోడానికి వచ్చారనుకున్నాను. ఆమె అడిగింది వేరే. ఇక పనికిరావని పక్కన పడేసిన ట్రాన్సిస్టర్ సెట్లుంటే, వాటి లోపలి సామాను కావాలన్నారు. ఎందుకని అడిగితే వాళ్ళమ్మగారి సంగతి చెప్పారు. ఆ పెద్దావిడకి చెవులు పోయాయి. అయినా ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలోనే కూర్చుంటుంది, పాస్టరుగారి పెదాలు చూస్తూ. అందరూ ఆమెన్ అన్నాక, పక్కవాళ్ళని చూసి తనూ అంటుంది. ఆ ఆలస్యం చూడలేకపోతున్నానన్నారు టీచర్.

తర్వాత చాలా సాయంత్రాలు ఆమె నా బల్ల దగ్గరే గడిపారు. నేనిచ్చిన పాత సామానుతో, తను తెప్పించుకున్న పుస్తకాలతో, ఎన్నిసార్లు కట్టి విప్పారో. చివరికి సబ్బుపెట్టె అంత యంత్రం తయారైంది. జాకెట్టుకి తగిలించుకుంటే మాట పట్టుకుని, పెంచి, తీగ గుండా చెవిలోకి పంపుతుంది. మేం దాన్ని చెవిపెట్టె అనేవాళ్ళం. కదిలినప్పుడల్లా బట్ట రాసుకుని బరబరమని చప్పుడొస్తుంటే, ఆమె సైకిలు ట్యూబు ముక్క కోసి మైకు చుట్టూ తొడిగారు. చప్పుడు పోయింది. నేను చూస్తూ ఉండిపోయాను. చెడిపోయినదాన్ని మళ్ళీ మునుపటిలా చేయడం నాకు వచ్చు. ఆమె అంతకుముందు లేనిదాన్ని చేశారు. ఆ తేడా ఆ రోజే నాకు తెలిసింది. అసూయ పడ్డానా? అప్పుడు పడలేదనే అనుకుంటున్నాను. అలాంటి మనిషి నా బల్ల దగ్గర కూర్చుందన్న గర్వం మాత్రం ఉండేది. రేడియోలు తయారుచేసే చోట పనిచేయాలని తనకెప్పటినుంచో ఉందని ఆమె ఒకసారి నాతో అన్నారు. అని, ఏదో తప్పు మాట జారినట్టు నవ్వేశారు.

ఆ పెట్టె వాళ్ళమ్మగారు కొన్ని వారాలు వాడాక తీగ ఊడితే, అతకమని టీచర్ నా దగ్గర ఉంచి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఒకాయన వచ్చాడు. బెజవాడలో రేడియోలు, మైకుసెట్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ యజమాని. రెడ్డిగూడెంలో మామిడితోట చూసుకుని ఏదో పనిమీద తిరువూరు వస్తుంటే కారులో రేడియో ఆగిపోయిందట. బాగుచేసి ఇస్తుంటే బల్లమీద పెట్టె చూశాడు. చెవిలో పెట్టుకున్నాడు. బయట కండక్టరు కేకలు విని నవ్వాడు. ఎవరు చేశారని అడిగాడు.

నేనేనండి, అన్నాను.

ఎందుకన్నాను? ఇన్నేళ్ళుగా ఇదే అడుగుతున్నాను నన్ను నేను. ముందే అనుకుని అన్నది కాదు, అది నిజం, కానీ అనుకోకుండా వచ్చిన మాటని వెనక్కి తీసుకోడానికి కావలసినంత సమయం ఉంది, ఆయన అక్కడ ఇంకో గంట కూర్చున్నాడు, టీ తాగాడు, ఈ రబ్బరు ఎందుకు పెట్టావని అడిగాడు, నేను టీచర్ నాకు చెప్పిన మాటలే పొల్లుపోకుండా అప్పజెప్పాను. మాట జారిందంటే ఒక్కసారి. ఆ గంటసేపూ జారుతూనే ఉందా?

ఉద్యోగానికి రమ్మన్నాడు.

ఆ సంగతి చెప్పడానికి టీచర్ ఇంటికి వెళ్ళాను. ఆమె వరండాలో జవాబు పత్రాలు దిద్దుతున్నారు. చెప్పగానే పెన్ను పక్కన పెట్టేశారు. ఆ సంతోషంలో కల్తీ లేదు. నాకు బాగా గుర్తు.

"ఆయన మన పెట్టె చూశాడా తమ్ముడూ?"

"చూశాడు టీచర్‌గారూ."

"ఏమన్నాడు?"

"బాగుందన్నాడండి."

"ఎవరు చేశారని అడిగాడా?"

"అడగలేదండి."

"పోన్లే. బాగుందన్నాడుగా," అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి, బెజవాడలో తిండి ఎలా ఉంటుందోనని పచ్చడి జాడీ తెచ్చిచ్చారు. తీసుకున్నాను.

బస్సులో నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను. ఆమె పేరు చెప్పినా వాళ్ళు తీసుకునేవాళ్ళు కాదులే, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకి పనెవరిస్తారు, అని. ఆ మాట పట్టుకునే బెజవాడ దాకా వెళ్ళాను. మర్నాడు ఫ్యాక్టరీ గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా పొడుగు బల్ల. దాని వెంట ఆడవాళ్ళు వరసగా కూర్చుని సోల్డరింగు చేస్తున్నారు. ఒకామె తలెత్తి నన్ను చూసి, మళ్ళీ పనిలో పడింది.

అప్పుడైనా చెప్పానా? లేదు. ఇంకా ఘోరం చేశాను. పెట్టెని చిన్నది చెయ్యి, చెవిలో కీచుమని కూత రాకుండా చెయ్యి అని యజమాని పురమాయించేవాడు. నాకు చేతనయ్యేది కాదు. రంజానుకి ఇంటికి వచ్చినప్పుడు సేమియా గిన్నె పట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఫ్యాక్టరీలో ఒక చిక్కొచ్చిందండి అనేవాణ్ణి. ఆమె కళ్ళు వెలిగేవి. కాగితం తీసుకుని గీసి చూపించేవారు. ఇక్కడ ఇంత ఎందుకు, అక్కడ అంత ఎందుకు, విడమరిచి చెప్పేవారు. ఎంత బాగా చెప్పేవారంటే, దొంగతనానికి వచ్చానన్నది మర్చిపోయి నిజంగా నేర్చుకునేవాణ్ణి. నాకు వచ్చిన విద్యలో సగం అలా వచ్చిందే. తిరిగి వెళ్ళి నా ఆలోచనగా చెప్పేవాణ్ణి. నన్ను పెద్దవాణ్ణి చేశారు. నా కింద మనుషుల్ని పెట్టారు. పెట్టె బజారులోకి వెళ్ళింది. ఎక్కడెక్కడి ముసలివాళ్ళో దానితో విన్నారు.

ఆమెకి తెలుసా? ఒక్కొక్కసారి తెలుసనే అనిపిస్తుంది. తెలిసి కూడా చెప్పి ఉంటే, ఆ పని మీద ఉన్న ఇష్టంకొద్దీ చెప్పి ఉంటారు. అలా అనుకున్నప్పుడు ఆమె మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. నా మీది బరువూ పెరుగుతుంది.

టీచర్ తిరువూరు వదల్లేదు. పిల్లలకి సైన్సు చెప్తూనే రిటైరయ్యారు. పోయారని తెలిసి వెళ్ళాను. చర్చిలో పాస్టరుగారు ఆమె క్రమశిక్షణ గురించి, ఓపిక గురించి చెప్పారు. ఆమె దగ్గర చదివినవాళ్ళు ఏడ్చారు. యంత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఆమె చేసిందని తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. వాళ్ళమ్మగారు ఎప్పుడో పోయారు. బెజవాడ నుంచి పెద్దమనిషి వచ్చాడని నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. మంచి టీచరండి, అన్నాను. కూర్చున్నాను.

మొదటి అబద్ధానికి వయసు కారణమని చెప్పుకోవచ్చు. దీనికేం చెప్పను? అప్పటికి నేను పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. నలుగురూ పెట్టే నమస్కారం తప్ప. అదే ఎక్కువైంది నాకు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వాల్సింది కాదు. ఇవ్వాల్సిన మనిషి లేరు. ఉన్నా అడిగేవాణ్ణని నమ్మకంగా చెప్పలేను.

ఆమె పేరు ఎస్తేరు. చెవిపెట్టె ఆలోచన ఆమెది, పని ఆమెది, తర్వాత దానికి చేసిన మార్పులూ ఆమెవే. నేను తీగ అతికాను. చెప్పేశాను. ఈ కాస్త మాటకి ఒక జీవితం పట్టింది.