నర్సమ్మ గారు టెంటులోంచి లేచి వెళ్ళిన రోజు

చర్రుమని బీపీ పట్టీ ఊడదీసిన చప్పుడు వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రాజమండ్రిలో, గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక హాలు అది. ఊళ్ళలో పదిమంది పనులు నెత్తిన వేసుకుని తిరిగేవాళ్ళు తమ ఒంటినీ మనసునూ ఎలా నిలుపుకోవాలో నేర్పే శిక్షణ జరుగుతోంది. కౌలు రైతుల సంఘాల వాళ్ళు, ఇళ్ళ స్థలాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు, నాలాగా నీళ్ళ కోసం ధర్నా టెంట్లు వేసినవాళ్ళు, అంతా నెరిసిన తలలే. గుమ్మం దగ్గర ఒక నర్సు వరసగా అందరికీ బీపీ చూస్తోంది. లోపల మైకు పట్టుకున్న అమ్మాయి, "ఇన్నాళ్ళు మీరు ఈ పనిలో నిలబడడానికి కారణమైన ఒక్క మనిషి పేరు చెప్పండి సార్" అని ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తోంది. నా వంతు దగ్గర పడింది. నేను బయటికి వచ్చేశాను. గట్టు మీద అటూ ఇటూ తిరిగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆ అమ్మాయి కొత్త సంగతుల్లా చెబుతున్నవన్నీ మా ఊళ్ళో ఒకావిడ ఎప్పుడో చేసి చూపించింది. ఆవిడ పేరు మా ఊళ్ళో ఇప్పుడు మంచిగా చెప్పుకోరు. దానికి కారణం నేను.

ఆవిడ పేరు రత్నకుమారి. మొగల్తూరు వైపు పల్లెల్లో ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. నాతో సహా నా ఈడువాళ్ళు చాలామంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళమే. ఊరంతా నర్సమ్మ గారనే పిలిచేది. మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు పెరిగి, ఆ ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కాలువలోకి వదలడం మొదలుపెట్టాక, టీ పెడితే గిన్నెలోనే పాలు విరిగిపోయేవి. నా పొలంలో వరి దుబ్బులు ఎర్రబడి, ఎండాకాలం వచ్చేసరికి నేల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. చెరువుల నీళ్ళకు వేరే మురుగు కాలువ తవ్వించుకోవాలని మొదట అడిగింది నర్సమ్మ గారు. నేను ఆవిడ వెనక చేరింది మాత్రం కోపంతో. అప్పుడు నాలో వేరే ఏమీ లేదు.

వాళ్ళ క్రైస్తవుల ఇళ్ళలో కృతజ్ఞత కూడిక అని ఒకటి పెట్టుకుంటారు. జ్వరం తగ్గినా, పిల్లాడు పరీక్ష పాసైనా, ఇరుగుపొరుగుని పిలిచి, ప్రార్థన చేసి, టీ ఇచ్చి పంపుతారు. నర్సమ్మ గారు ఆ పద్ధతిని తెచ్చి మా నీళ్ళ పోరాట సంఘంలో పెట్టారు. శుక్రవారం సాయంత్రం లూథరన్ చర్చి వెనక వాళ్ళ వరండాలో కూర్చునేవాళ్ళం. ముందు అల్లం వేసిన నల్ల టీ, మరమరాలు. తరవాత ఒక్కొక్కరూ ఆ వారం తమకు మేలు చేసిన ఒక మనిషి పేరు చెప్పాలి. ఆ తరవాతే సంఘం మాటలు.

"దేవుడికి చెప్పుకునేవి చర్చిలో చెప్పుకుందాం, గుడికెళ్ళేవాళ్ళు గుళ్ళో చెప్పుకోండి. ఇక్కడ మాత్రం మనిషి పేరు కావాలి. పేరు చెప్పాక వెళ్ళి ఆ మనిషికి చెప్పాలి కూడా" అనేవారు.

ఆటో నడిపే ఏసుబాబు నవ్వుతూ అడిగాడొకసారి. "మా ఆవిడ పేరు చెప్పొచ్చాండి?"

"చెప్పరా. ఇంటికెళ్ళి ఆవిడకి కూడా చెప్పు."

"అమ్మో, అయితే వద్దులెండి. ఏం తప్పు చేసొచ్చావని అడుగుద్ది. మా పెదనాన్న పేరు రాసుకోండి. పోయాడు కాబట్టి గొడవ లేదు."

"పోతే మీ పెద్దమ్మకి చెప్పు. చెప్పకపోతే అది లెక్కలోకి రాదు."

అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. "నాకు థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు ఎవరూ లేరండి. తిట్టాల్సినవాళ్ళున్నారు" అన్నాను.

"తిట్టడానికి రేపు ఆఫీసు ముందు బోలెడు టైముంది రాంబాబూ. ఒట్టి కోపం ఒక్కటే తింటే గ్యాస్ పట్టేస్తుంది నీకు. పేరు చెప్పు."

నేను చెప్పలేదు. పోరాటం చేసేవాళ్ళకి ఈ భజన ఏమిటని లోపల మండిపోయాను. కానీ ఒకటి చెప్పాలి. అధికారులు ముఖం మీద తలుపు వేసిన వారాల్లో కూడా ఆ వరండాకు జనం తగ్గలేదు. అప్పుడు నాకది కనపడలేదు.

ఎవరూ వినకపోయేసరికి సెంటర్లో టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టాం. రోజుకు కొందరు దండలు వేసుకుని కూర్చునేవాళ్ళు. నర్సమ్మ గారు తన పాత బీపీ మిషను తెచ్చి టెంటులో బల్ల మీద పెట్టారు. కూర్చునేముందూ, మధ్యాహ్నమూ అందరికీ చూసేవారు. ఎక్కువుంటే దండ తీయించి ఇంటికి పంపేసేవారు. కాపలా ఉన్న కానిస్టేబులు నన్ను పిలిచి, "ఇది ధర్నా అండీ, మెడికల్ క్యాంపా?" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇలా పంపేస్తూ పోతే టెంటు ఖాళీ అయిపోద్దండి. అవతలివాళ్ళు చూస్తున్నారు" అన్నాను ఆవిడతో.

"చూడనీ. రేపు రావడానికి మనిషి ఉండాలి కదయ్యా."

"పరువు పోద్దండి."

"ఒంట్లో బాగోకపోవడానికీ పరువుకీ ఏంటయ్యా సంబంధం? ఎవరు లేచి వెళ్ళినా పేరూ, కారణమూ మైకులో చెప్పు. చెప్పకపోతే పారిపోయాడనుకుంటారు."

అది ఆవిడ పెట్టిన నియమం. ఆవిడ పంపినవాళ్ళందరి గురించీ నేనే మైకులో చెప్పాను. "ఫలానా ఆయనకి బీపీ ఎక్కువుంది, ఇంటికెళ్ళి పడుకుంటున్నారు, రేపొస్తారు" అని, పళ్ళ బిగువున.

ఒకరోజు ఎండకు టెంటులో మంగమ్మ అనే ముసలావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. అదే సమయానికి ఆ దారిన వెళుతున్న కారు ఆగింది. అది చెరువుల యజమాని సుబ్బారావు గారి కారు. లోపల ఆయన భార్య సత్యవతి గారు ఉన్నారు. ఆవిడే దిగి, మంగమ్మను ఎక్కించుకుని, భీమవరం ఆసుపత్రిలో చేర్పించి, సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. ఆ శుక్రవారం నర్సమ్మ గారు చెప్పిన పేరు సత్యవతి గారిది.

"వాళ్ళింటికెళ్ళి థాంక్సేంటండీ? మన గొడవంతా వాళ్ళతోనే కదా?" అన్నాన్నేను.

"ఉప్పునీళ్ళు వదిలింది ఆయన. కారు ఆపింది ఆవిడ. రెండూ ఒకటేనంటే ఎలాగయ్యా? ఎవరూ వెళ్ళకపోతే నేనే వెళ్తాను, ఒంట్లో కాస్త ఓపిక రానీ."

ఓపిక రానీ అన్నారు. ఆ మాట ఆ రోజు ఎవరమూ పట్టించుకోలేదు. పొద్దున్నుంచీ టెంటులో, సాయంత్రం ఇళ్ళ వెంట, ఆవిడ తిరుగుతూనే ఉన్నారు.

తరవాతి వారం ఒక మధ్యాహ్నం ఆవిడే దండ వేసుకుని దీక్షలో కూర్చున్నారు. భీమవరం నుంచి విలేకరులు వచ్చారు. ఎదురుగా టీ కొట్టు దగ్గర సుబ్బారావు గారి మనుషులు కూర్చుని చూస్తున్నారు. నర్సమ్మ గారు అందరికీ బీపీ చూసి, చివర తన చేతికి తనే పట్టీ చుట్టుకున్నారు. ఒకసారి చూసి, మళ్ళీ చూశారు. చర్రుమని పట్టీ ఊడదీసి, మెడలో దండ తీసి బల్ల మీద పెట్టారు.

"పైది నూట తొంభై ఉంది రాంబాబూ. నేను వెళ్ళి పడుకోవాలి. మైకులో చెప్పు."

"ఇవాళ వద్దండి. పేపరువాళ్ళున్నారు. మీరే లేచిపోతే ఎలాగండీ?"

"నాకొక రూలు, వాళ్ళకొక రూలా? చెప్పు. అంకె కూడా చెప్పు."

ఏసుబాబు ఆటో తెచ్చాడు. నేను మైకు తీసుకున్నాను. ఎదురుగా నవ్వుతున్న మొహాలు కనిపించాయి. మా నాయకురాలు నీరసపడిందని నా నోటితో నేనెలా చెప్పను అనిపించింది. "నర్సమ్మ గారు ముఖ్యమైన సొంత పని మీద వెళ్తున్నారు. దీక్ష కొనసాగుతుంది" అన్నాను. ఆటో ఎక్కబోతున్న ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి నా వంక చూశారు. ఎక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కాస్త తేరుకుని, ఆవిడ అన్న మాట ప్రకారం సత్యవతి గారికి కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళారు. సుబ్బారావు గారి గేటులోంచి ఆవిడ బయటికి రావడం చాలామంది చూశారు. మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోయింది. ముఖ్యమైన సొంత పని ఇదన్నమాట, ఎంత ముట్టిందో అని. ఏసుబాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏంటండీ ఇది, నిజమేనా? నిన్న నా ఆటోలో ఆవిడ కళ్ళు మూసుకుని పడుకున్నారండి. ఒంట్లో బాగోలేదా అంటే పర్లేదురా అన్నారు. మీకేమైనా చెప్పారా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. "నాకేం తెలుసురా. సొంత పనన్నారు కదా" అన్నాను. ఆ సాయంత్రమే నన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. అది నాకు బాగుంది. ఇన్నాళ్ళూ ఈ ముక్క దగ్గరే నా మాట ఆగిపోయేది. బాగుంది నాకు.

ఆవిడ మళ్ళీ టెంటుకు రాలేదు. శుక్రవారాలు వరండాకు వెళ్ళేవాళ్ళు తగ్గి, ఆగిపోయారు. కొన్ని వారాల తరవాత ఏసుబాబు నా దగ్గరికొచ్చి, నేల చూస్తూ చెప్పాడు.

"నర్సమ్మ గారు ఈ వారం మీ పేరు చెప్పారండి."

"ఎవరితో?"

"ఎవరెళ్తున్నారండి ఇప్పుడు? నాతోనే. టెంటు పడిపోకుండా నిలబెడుతున్నాడు, వెళ్ళి చెప్పిరా అన్నారు."

"సరేలే" అన్నాను. సరేలే అని, మైకు సరిచేసుకున్నాను.

చివరికి మురుగు కాలువ తవ్వారు. నాకు దండలు వేశారు. ఆ తరవాత వరండా లేదు, పేర్లు చెప్పుకోవడం లేదు, ఎవరినీ ఇంటికి పంపడం లేదు. నేను ఒక్కణ్ణే అరిచేవాణ్ణి. అలిసినవాళ్ళను ద్రోహులన్నాను. ఒక్కొక్కరే జారిపోయారు. నాకు షుగరొచ్చింది, నిద్ర కరువైంది, ఇంట్లోవాళ్ళు నాతో మాట్లాడడానికి భయపడే రోజులొచ్చాయి. కిందటి వానాకాలం నర్సమ్మ గారు పోయారు. సమాధుల దొడ్డిలో వెనక నిలబడ్డాను. నా పక్కన ఎవరో, "మంచావిడేనండి, చివర్లో అమ్ముడుపోయింది గానీ" అన్నారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

రాజమండ్రి నుంచి తిరిగొచ్చిన రోజు నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కూతురు సునీత అక్కడే ఉంటుంది, బడిలో టీచరు. వరండాలో నిలబడే అంతా చెప్పాను. పోయినవాళ్ళ సంగతి ఇంట్లోవాళ్ళకి చెప్పాలన్నది ఆవిడ పద్ధతే కదా అన్నాను. సునీత నన్ను కూర్చోమనలేదు.

"మాకు తెలుసండి. ఆ రోజు మాత్ర వేసి పడుకోబెట్టింది నేనే. ఊళ్ళో చెప్పమ్మా అంటే, రాంబాబే చెప్తాడులే అంది. చాలా రోజులు అలాగే అంది."

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నన్నడుగుతారేంటండీ? టెంటులో అన్న మాటకి మా ఇంట్లో చెప్తే ఎలాగ?"

ఈ ఏడు మంచినీళ్ళ కాలువలోకి మళ్ళీ ఉప్పునీళ్ళు వస్తున్నాయి, సెంటర్లో మళ్ళీ టెంటు వేశాం. సునీత ఆ మాట అన్న మర్నాడు మైకులో జరిగింది జరిగినట్టు చెప్పాను. నేనేదో ఊహించుకున్నాను గానీ పెద్దగా ఏమీ జరగలేదు. కుర్రాళ్ళకు నర్సమ్మ గారెవరో తెలియదు. ఒక పెద్దాయన, "ఇప్పుడెందుకండీ ఇవన్నీ, అవతలివాళ్ళకి అలుసు కాదూ?" అన్నాడు. ఏసుబాబు మాత్రం లేచి, నా వంక చూడకుండా ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. వాడు పోయినవైపే చూస్తూ మిగతా రోజంతా కూర్చున్నాను. మైకు మాట ఆ సెంటరు దాటదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ డబ్బు తీసుకోలేదు, పారిపోలేదు. ఒంట్లో బాగోక, ఆ సంగతి అందరికీ చెప్పమని నాకు చెప్పి, ఇంటికి వెళ్ళారు.

రెండు రోజుల తరవాత ఏసుబాబు ఆటోలోంచి సునీత దిగింది. చేతిలో వాళ్ళమ్మ బీపీ మిషను. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నా చేతికి పట్టీ చుట్టింది. చూసి, ఊడదీసింది.

"లేవండి. ఇంటికెళ్ళి పడుకోండి."

"సాయంత్రం ఆర్డీవో గారొస్తారమ్మా."

"రానివ్వండి. మిగతావాళ్ళు లేరా?"

మా ఇల్లు సెంటరుకు దగ్గరే. మంచం మీద పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. ఫ్యాను చప్పుడులోంచి మైకు వినబడుతోంది. నేను లేకపోతే ఎవరు ఏం మాట్లాడతారో, ఏం చెడగొడతారో అని రెండుసార్లు లేచి కూర్చున్నాను. అప్పుడు ఏసుబాబు గొంతు వినిపించింది. "అధ్యక్షులు రాంబాబు గారికి బీపీ ఎక్కువుందండి. ఇంటికెళ్ళి పడుకున్నారు. రేపొస్తారు." ఆగి, అంకె కూడా చెప్పాడు. ఎవరో నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. తరవాత ఎవరో ఆడమనిషి మైకు తీసుకుని కాలువ సంగతి మాట్లాడడం మొదలుపెట్టింది. నేను మళ్ళీ పడుకున్నాను.